దాసప్ప కొండచుట్టాలు

దాసప్ప అడవి జంతువును దేన్నీ దాని పేరుతో పిలవడు. పిలిస్తే నాలుక ఊడి చేతిలోకి వస్తుందేమో అన్నంత పట్టింపు. ఆయన ఇంటి వెనకే బండ్లకొండ, కొండ నిండా గుహలూ పొదలూ. ఆ కొండకీ దాసప్ప మామిడితోటకీ మధ్య ఒక కంచె ఉంది. అది కంచె అని దాసప్ప చెబితేనే తెలుస్తుంది. అందుచేత కొండమీది కాపురాలన్నీ తోటలోకి వస్తూ పోతూ ఉంటాయి. వాటిలో ముళ్ళపంది ఆయనకు టైలరు, ఎందుకంటే ఒళ్ళంతా సూదులు. అడవిపంది కంట్రాక్టరు. నేలంతా తవ్వి, పూడ్చకుండా పోతుంది కాబట్టి. కోతులు పంచాయితీ మెంబర్లు. గుంపుగా వస్తారు, ఉన్నదంతా తింటారు, పోయేటప్పుడు తమలో తాము కొట్టుకుంటారు. చిరుతపులి ఇన్‌స్పెక్టరు. ఎప్పుడొస్తాడో తెలియదు గాని, వచ్చిపోయాక ఊళ్ళో ఒక కుక్క తక్కువవుతుంది.

ఇక ఎలుగుబంటి మామ. దానికి ఉద్యోగం, హోదా ఏమీ లేవు. వట్టి మామ.

కురుడుమలె గణపతికి దండం పెట్టుకుని, మట్టిదారి పట్టి అరగంట నడిస్తే దాసప్ప ఊరు వస్తుంది. గోల్డ్‌ఫీల్డ్స్‌లో గని మూసేదాకా భూమి లోపల పనిచేసి, ఆ తర్వాత తాతలనాటి తోటకి వచ్చి పడిన మనిషి ఆయన. గని మూతపడ్డా ఆయనలో గని మూతపడలేదు. కొండమీద వాళ్ళకి కూడా షిఫ్టులు వేసి పెట్టాడు.

"మామది నైట్ షిఫ్టు. పొద్దు పడినంక దిగతాడు, తెల్లార్తా ఎక్కతాడు. షిఫ్టు మారే టయానికి పోయి ఎదురుపడితే తప్పు మనదే గాని ఆయప్పది కాదు" అంటాడు.

ఈ చుట్టరికాల మధ్యకు వీణ కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. బంగారుపేటలో రైల్వేస్టేషన్ వెనకవీధిలో పుట్టి పెరిగిన పిల్ల. అప్పటిదాకా ఆమె చూసిన అతి క్రూరమృగం ప్లాట్‌ఫారం మీద పడుకునే కుక్క. కాపురానికొచ్చిన మొదటివారంలోనే ఆమెకు ఈ ఇంటి భాషతో చిక్కు వచ్చింది. పొయ్యి మీద రాగిముద్ద గెలుకుతూ ఉంటే అత్త మునిలక్ష్మమ్మ పెరట్లోంచి గబగబా లోపలికొచ్చి వాకిలి మూసేసింది.

"మామ పనసచెట్టు ఎక్కినాడు" అంది తాపీగా.

వీణ గెలకడం ఆపేసింది. అరవై దాటిన మనిషి! "ఈ వయసులో చెట్టెందుకత్తా? పడితే?"

"పడడులే. ఆయప్పకు అలవాటే."

"దిగమని చెప్పండత్తా!"

"చెప్తే దిగే రకమా? తిన్నంక ఆయప్పే దిగతాడు. పండు చెట్టుమీదనే పగలగొట్టుకోని తినాల, అదీ ఆయప్పకు రుచి."

వీణ ఇక ఆగలేక మొగుడికి ఫోన్ చేసింది. పురుషోత్తమ్‌కి బెంగుళూరులో ఉద్యోగం. రోజూ బంగారుపేటకి బైకు మీద పోయి రైలెక్కుతాడు. ఆ వేళకి రైల్లో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"మామ పనసచెట్టు ఎక్కి కూర్చున్నారు. అత్తేమో వాకిలేసి గమ్మునుండమంటాండాది!"

"ఏ మామ?"

"ఏ మామ ఏంది? మీ నాయన!"

"నాయన శ్రీనివాసపురం మండీకి పోయినాడు కదా. చెట్టు మీదుండేది మామ."

"నేను చెప్తాండేదీ అదే కదా!"

పక్కనున్న ప్రయాణికులు ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యమని పురుషోత్తమ్‌కి సలహా ఇచ్చారు. రెండు మూడు రోజులకి, ఎవరూ విప్పి చెప్పకుండానే, వీణకి సంగతి బోధపడింది. 'మీ మామ' అంటే దాసప్ప. వట్టి 'మామ' అంటే కొండమీద నల్లగా ఉండేవాడు. ఈ ఇంట్లో 'మీ' అనే అక్షరం మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. విచిత్రమేమిటంటే సంగతి తెలిశాక ఆమెకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఆ మామ మూలాన ముద్ద అడుగంటిపోయింది.

దీన్నయినా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పొద్దుటి ఊరేగింపు. ఇంట్లో రెండు సీమావులున్నాయి. ఆరుగంటలకి పాలక్యాను తీసుకుని కొండ వాలున కాలిదారిలో నడిచి డెయిరీకి పొయ్యడం వీణ పని. ఆమె గడప దాటగానే దాసప్ప కర్ర తీసుకుని ఇరవై అడుగులు ముందు నడిచేవాడు. గనిలో యంత్రాల రొద మీదుగా కేకలేసిన గొంతు అది. ఆ గొంతుతో కొండవైపు తిరిగి మొదలుపెట్టేవాడు.

"మామా! కోడలు వస్తాండాది! దావ ఇడువు! కంట్రాక్టరూ, నీకూ చెప్తాండా! పిల్లల్ని తీసుకోని పక్కకి పో!"

వీణకి తల కొట్టేసినట్టయ్యేది. "మామా, ఊరంతా వింటాండాది. మెల్లగా పోదాం" అనేది.

"గనిలో మందు పేల్చే ముందర విజిల్ ఊదతారు. దేనికమ్మా? లోపలుండే వాళ్ళకు మర్యాద. చెప్పకుండా ఒకరింటి ముందర పోయేది తప్పు" అనేవాడు ఆయన.

డెయిరీ సెక్రటరీ పాపన్న క్యాను కొలిచేలోగా ఒక సందేహం అడగకుండా వదిలేవాడు కాదు. "దాసప్పన్నా, అది నీకు మామ అయితే నీ కోడలికి ఏమైతాది?"

"తాత."

"మరి ఆ యమ్మ కూడా మామ అంటాదే?"

"అది వాళ్ళిద్దరి యవ్వారం. నడమ మనకేల?"

పాలు పోసే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో ఏదో తమకు తెలిసిన సంగతి ఉన్నట్టు వీణకి అనిపించేది. తనని చూసే నవ్వుతున్నారనుకుని మొహం ఎర్రగా చేసుకుని వచ్చేసేది.

మూడేళ్ళు ఇలా గడిచాక వీణ ఒక నిశ్చయానికి వచ్చింది. బంగారుపేటలో వేరే కాపురం పెట్టాలి. పురుషోత్తమ్‌కి తెల్లవారుజామున బైకు ప్రయాణం తప్పుతుంది, తనకు ఊరేగింపు తప్పుతుంది. స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇల్లు కూడా చూసుకుంది. కొడుకు ఆ మాట భయపడుతూ చెబితే దాసప్ప కాసేపు కొండవైపు చూసి, "సరి, పిల్ల సుఖంగా ఉండాల గదా" అన్నాడు. అన్నాడు గాని ఆరోజు ఆయన మెంబర్లను అదిలించలేదు. వాళ్ళు తోటంతా తిని, ఇంకా టైముందేమో అన్నట్టు అరుగెక్కి కూర్చున్నారు.

ఆషాఢంలో ఒక ఆదివారం, ఆ విషయం ఖాయం చెయ్యడానికి వీణ నాయన నంజుండప్ప వచ్చాడు. ముసురు పట్టి ఉంది. మనిషి భారీ. తలమీద టోపీతో సహా మోకాళ్ళదాకా నల్ల రెయిన్‌కోటు వేసుకుని స్కూటరు దిగాడు. ఆయనకి నీలం మామిడి అంటే ప్రాణం. ఆ సీజన్‌లో చివరి పండ్లు అవే. కాఫీ తాగి, కోటు విప్పకుండానే తోటలోకి పోయి, చెట్ల కింద వంగి రాలిన పండ్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఫారెస్టు గార్డు మోహన్‌కుమార్ ఫోన్ చేశాడు. పక్క తోటలవాళ్ళు కంప్లయింటు ఇచ్చారని, ఎలుగుబంటి దిగితే వెంటనే చెప్పాలని ఆయన ముందే చెప్పి ఉంచాడు. దాసప్ప ఆయన్ని కూడా తన భాషలోకి మార్చేశాడు.

"పురుషోత్తమ్, మామ వచ్చినాడా?"

పిల్లనిచ్చిన మామను ఇంత మర్యాదగా అడుగుతున్నాడే అని పురుషోత్తమ్ సంతోషించాడు. "వచ్చినాడు సార్. తోటలో ఉండాడు."

"యా పక్క?"

"నీలంచెట్ల కింద. పండ్లు ఏరుకుంటాండాడు."

"కోపంగా ఉండాడా?"

"కొంచెం కోపంగానే వచ్చినాడు సార్. మేం మాట్లాడి సరి చేసుకుంటాం."

"మీరేం మాట్లాడద్దు! అందరూ లోపలుండి వాకిలి వేసుకోండి. నేను వస్తాండా!"

గవర్నమెంటు ఉద్యోగి ఒకాయన తమ కుటుంబ వ్యవహారం మీద ఇంత శ్రద్ధ పెట్టడం పురుషోత్తమ్‌కి గర్వంగా అనిపించింది.

పావుగంటలో మోహన్‌కుమార్ ఇద్దరు వాచర్లతో, వలతో, తప్పెటతో, సంచెడు టపాకాయలతో కంచె అవతల దిగాడు. మసక వానలో చెట్టు కింద నల్లగా, భారీగా, వంగి, పండు కొరుకుతున్న ఆకారం కనిపించింది. ఇంకేం కావాలి? టపాకాయలు పేలాయి, తప్పెట మోగింది. నంజుండప్ప ఎగిరిపడ్డాడు. వెనక్కి తిరిగి చూడకుండా, జీవితంలో మొదటిసారి, మామిడిచెట్టు ఎక్కాడు.

"ఎక్కినాడు! చెట్టెక్కినాడు! మామే!" అని అరిచాడు గార్డు.

"నేను బంగారుపేట నంజుండప్పనయ్యా!" అని వినిపించింది కొమ్మల్లోంచి.

"సార్, మామ మాట్లాడతాండాడు!" అంటూ ఒక వాచరు తప్పెట పడేసి పరుగుపెట్టాడు.

కొట్టంలో ఆవులకు మేత వేస్తున్న దాసప్ప వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "ఆపండప్పా! అది మామ కాదు! మామ! ఆ మామ కాదు, ఈ మామ!"

"మామేనని మేమూ అంటాండాం! మీరు ఎనక్కి పోండి!" అన్నాడు గార్డు మరో టపాకాయకి నిప్పు చూస్తూ.

ఎలుగుబంటి అనే ఒక్క మాట వాడితే ఆ గొడవ అక్కడితో తేలిపోయేది. ఆ మాట దాసప్ప నోట రాలేదు. వాకిట్లో వీణ నిలబడి ఉంది. ఆయన ఒకసారి ఆమెవైపు చూసి, మళ్ళీ "ఆ మామ కాదు, ఈ మామ!" అనే అరిచాడు. అలా టపాకాయలతో పోటీపడి సంచి ఖాళీ అయ్యేదాకా అరిచాడు. చివరికి రెయిన్‌కోటు టోపీ ఊడి బట్టతల బయటపడటంతో గార్డు రెండు చేతులూ జోడించాడు.

నంజుండప్పను నిచ్చెన వేసి దింపారు. దిగినవాడు కాఫీ కూడా ముట్టలేదు. "ఇంగ ఒక దినం కూడా నా కూతురు ఈడ ఉండేదానికి లేదు. రేపు పొద్దన్నే పిలుచుకోని పోతా" అని తేల్చేశాడు. దాసప్ప ఏదో చెప్పబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది.

సోమవారం పొద్దున్నే పురుషోత్తమ్ రైలుకి పోయాడు. వీణ బట్టలు సర్దుకుంది. ఆవులు మాత్రం ఎవరు వేరే కాపురం పెట్టినా పాలిస్తాయి కదా. చివరిసారిగా క్యాను తీసుకుంది. దాసప్ప మెడకు తువ్వాలు చుట్టుకుని, ఎక్కడికో పోయి వచ్చినట్టు బురద కాళ్ళతో అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఇక పోవచ్చని చెయ్యి ఊపాడు. మూడేళ్ళకు మొదటిసారి మర్యాదగా, నిశ్శబ్దంగా డెయిరీకి పోబోతున్నానని వీణ అనుకుంది.

పది అడుగులు వేసిందో లేదో, పంపుసెట్టు దగ్గర నిలబడిన పక్కపొలం రామాంజినప్ప నోట్లో పళ్ళపొడి నురగతోనే కొండవైపు తిరిగాడు. "మామోవ్! దాసప్పన్న కోడలు వస్తాండాది! దావ ఇడువు!"

వీణ బిత్తరపోయింది. మలుపు దాటితే గొర్రెలు కాచే ముసలమ్మ ఒకామె బండమీద కూర్చుని సత్తుపళ్ళెం వాయిస్తోంది. గొంతు లేదు గనుక వాయిద్యం. ఆ తరువాత పొలంలో ఇద్దరు అన్నదమ్ములు. మాటల్లేక రెండేళ్ళయిన మనుషులు, ఒకరు "మామా!" అంటే ఇంకొకరు "దావ ఇడువు!" అని వంతులు వేసుకుంటున్నారు. వీణ దాదాపు పరిగెత్తి డెయిరీలో పడింది.

"పాపన్నా, ఏంది ఇది? ఊరికంతా పట్టిందా మా మామ పిచ్చి?"

"గొంతు పోయింది గదమ్మా ఆయప్పకు. తెల్లార్తా ఇంటింటికీ వచ్చి చేతులతో చెప్పినాడు. నేను ముందు నస్యం అడగతాండాడేమో అనుకున్నా" అని నవ్వి, పాపన్న కొలత గిన్నె పక్కన పెట్టాడు. "పోతాండావంట కదా. ఇంగ చెప్పినా తప్పు లేదులే. పెండ్లికి ముందు మీరు ఇల్లు చూసేదానికి వచ్చినారు, జ్ఞాపకముండాదా?"

జ్ఞాపకముంది. ఎవరో ముసలామె, 'ఈ కొండలో ఎలుగ్గొడ్లు జాస్తి తల్లీ' అంది. వీణ చేతిలోని కాఫీ గ్లాసు జారి కింద పడింది. చిన్నప్పుడు అన్నం తినకపోతే అవ్వ ఆ పేరే చెప్పి భయపెట్టేది. పెద్దయినా ఆ మాట వింటే చేతులు వణికేవి. పిల్లవాడు నచ్చాడు కాబట్టి ఒప్పుకుంది గాని, కారులో ఇంటికి పోయేదాకా వణుకుతూనే ఉంది.

"మీ కారు మలుపు తిరిగింది, ఆయప్ప నా ఇంటికొచ్చినాడు" అన్నాడు పాపన్న. "'పాపన్నా, మాట వింటేనే పిల్ల చేతులు వణకతాండాయి. కొండమీద నుంచి దాన్ని పంపించేది నాతో అయ్యేది కాదు. పేరునైనా పంపించేద్దాం' అన్నాడు. ఇంటింటికీ పోయి దండం పెట్టినాడు. ఆ పిల్ల ముందర ఎవురూ ఆ పేరు ఎత్తద్దని, మామ అందామని. మామంటే ఎవురికమ్మా భయం?"

వీణ క్యాను మూత వేయబోయి ఆగింది. "మరి కంట్రాక్టరు, మెంబర్లు?" అంది.

"ఒక్కదానికే పేరు మార్చితే నువ్వు చదువుకున్న పిల్లవి, కనిపెట్టేస్తావని అన్నిటికీ మార్చినాడు. రెండు దినాలు ఈడనే కూర్చోని ఆలోచన చేసినాం. ఇన్‌స్పెక్టరు నేను పెట్టిందే" అన్నాడు పాపన్న, కొంచెం గర్వంగా. "దావలో అరిసేది కూడా అందుకే. సద్దు వింటే అది దూరం పోతాది. తెలీకుండా దగ్గరకు పోతేనే మీద పడేది."

"ముందు ఏమని పిలస్తా ఉండ్రి దాన్ని?"

"ఏమనా? ఎలు..." పాపన్న ఠక్కున నోరు మూసుకున్నాడు. "వద్దులేమ్మా. మూడేండ్లాయ. అలవాటు తప్పిపోయింది."

ఖాళీ క్యానుతో వీణ వెనక్కి బయలుదేరింది. ఇన్నాళ్ళూ ఎవర్ని చూసి సిగ్గుపడిందో ఆ మనిషి తనకోసం ఒక ఊరి నోరు కట్టేశాడు. తలుచుకుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తనకి భయం పోయిందని అనుకుంది గాని, దాన్ని పోగొట్టిన మనిషి ఉన్నాడని ఎప్పుడూ అనుకోలేదు. ఇలా అనుకుంటూ, సద్దు చెయ్యకుండా, మలుపు తిరిగింది. పోయేటప్పుడు అరిచినవాళ్ళంతా ఎవరి పనికి వాళ్ళు పోయారు.

దారికి కొంచెం పైన చెదలపుట్ట. పుట్టలో తల దూర్చి, వెనకభాగం వానకి వదిలేసి, మామ నిలబడి ఉన్నాడు.

వీణ ఉన్నచోటే ఆగిపోయింది. నోరు తెరిచింది, గాలి వచ్చింది. రెండోసారి మాట వచ్చింది.

"మామా! మామా, దావ ఇడవండి! నేను... దాసప్పగారి కోడల్ని! బంగారుపేట!"

ఊరి పేరు ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. మామ మట్టి అంటిన ముక్కు పైకెత్తి, గాలి వాసన చూసి, ఆడపిల్లలతో మాటలెందుకన్నట్టు బండల మీదుగా తన ఇంటికి పోయాడు. వీణ చేతులవైపు చూసుకుంది. క్యాను కదలకుండా ఉంది.

ఇంటి ముందు ఆటో వచ్చి ఉంది. నంజుండప్ప సంచులు ఎక్కిస్తున్నాడు. దాసప్ప అరుగుమీద మిరియాల కషాయం గ్లాసు పట్టుకుని, ఎటూ చూడకుండా ఉన్నాడు. వీణ ఆటోలోంచి ఒక సంచి తీసి మళ్ళీ అరుగుమీద పెట్టింది.

"నేను రాను నాయనా."

"రావా? మరి అల్లుడికి రైలు?"

"మూడేండ్లుగా ఎక్కతాండాడు కదా. ఇంగా ఎక్కతాడు."

"నీకేమన్నా పిచ్చా? ఎలుగుబంటి తిరిగే కొండ కింద నా కూతురు..."

మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట వినిపించడం అదే మొదటిసారి. మునిలక్ష్మమ్మ చేతిలో గరిటె కింద పడింది. దాసప్ప లేచి నిలబడి, వద్దు వద్దని నంజుండప్పకు రెండు చేతులూ ఊపాడు. కషాయమంతా చొక్కా మీద పడింది. ఊపిన చేతులు అలాగే పెట్టుకుని, భయంభయంగా కోడలివైపు చూశాడు.

"అవును నాయనా, ఎలుగుబంటే" అంది వీణ. "ఇప్పుడే పుట్ట దగ్గర చూసి వస్తాండా. దావ ఇడవమన్నా, ఇడిసిపెట్టింది."

నంజుండప్ప ఆటో చువ్వ పట్టుకుని కూలబడ్డాడు. వీణ అరుగెక్కి దాసప్ప పక్కన కూర్చుని, చెంగుతో ఆయన చొక్కా మీది కషాయం తుడిచింది. "పాపన్న అంతా చెప్పినాడు మామా. మీరు నాకోసం ఇంత చేసినారని తెలీక మీ మీద ఎంత కోపం పెట్టుకుంటినో. ఇంగ నాకు భయం లేదు. మీరు కూడా దాన్ని ఎలుగుబంటనే పిలవండి."

దాసప్ప కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఒకసారి కొండవైపు చూసి, కోడలి చెవి దగ్గరకు వంగి, ఉన్న కాస్త గొంతుతో గుసగుసగా అన్నాడు.

"మెల్లగా అనమ్మా. ఇన్నేండ్లు మామా అని పిలిచి, ఇప్పుడు అట్లంటే ఆయప్పకు బాధ కాదా?"